పితూరీ చీటీల గుమాస్తాగారు

పెట్టెలో రెండు వందల పదకొండు చీటీలున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ అంతే వచ్చాయి.

గుమాస్తాగారు పోయిన ఇరవయ్యో రోజున ఆయన కోడలు ఈ పెట్టెను తెచ్చి మా వసారాలో దింపింది.

"మామ్మగారూ, మీరైతే లెక్కగా చెబుతారని వచ్చానండి. ఇవి ఎంత చేస్తాయో చూసి పెట్టండి. మా మామగారు వీటి మీద పోసిన డబ్బు ఉంచుకుని ఉంటే మాకు రెండెకరాలు వచ్చేది" అంది.

రెండెకరాలు రాదు. ఆయన ఏ చీటీ ఎంతకు కొన్నదీ మూలన సన్నగా వేసుకునే అలవాటుంది కనుక కూడి చూశాను. ఎకరం కూడా పూర్తిగా రాదు. ఆ మాట చెబితే ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. తక్కువ పోయిందని సంతోషిస్తుందనుకున్నాను.

ఈ చీటీల సంగతి ఇప్పటి వాళ్లకు తెలియదు. ప్రమాది సంవత్సరంలో మన్యంలో సర్కారు మీద పితూరీ లేచినప్పుడు, గోదావరి మీద పట్టిసీమ దాటి ఎగువకు పోయే ప్రతి మనిషీ సర్కారు చీటీ తీసుకుని పోవలసి వచ్చేది. పేరు, తండ్రి పేరు, ఆడదైతే భర్త పేరు, వయసు, ఒంటి మీద గుర్తులు, ఏ పని మీద పోతున్నదీ అందులో ఉండాలి. చీటీ లేని వాణ్ణి ఎగువ ఠాణాల దగ్గర పడవలోంచి దింపేసేవారు. పితూరీదారుడేమోనని అనుమానం వస్తే కట్టేసేవారు కూడా. పట్టిసీమ రేవులో ఆ చీటీలు రాసింది ఈయనే. పితూరీ అణిగాక వాటిని ఊరూరా వెతికి కొన్నదీ ఈయనే. తాను ఉచితంగా ఇచ్చినదాన్ని డబ్బు పోసి వెనక్కి తెచ్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయన్ని మొదటిసారి చూసింది ఆ ఏడు మార్గశిర శుద్ధ దశమి నాడు. నా వయసు ముప్పై నాలుగు. మా వారు ఒక కలప వర్తకుడి దగ్గర లెక్కలు రాసేవారు. ఎగువన కలప కొట్టులో ఆయన జ్వరంతో పడి ఉన్నారని తెప్పల వాళ్లు కబురు తెచ్చారు. వెళ్లి తీసుకురావడానికి ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. ఒక ముసలి పడవవాణ్ణి కుదుర్చుకుని నేనే బయలుదేరాను.

రేవులో తాటాకు పాక కింద, ఒళ్లో చెక్క పలక పెట్టుకుని కూర్చున్నారు గుమాస్తాగారు. నలభై దాటి ఉంటాయి. సన్నగా, మెడ ముందుకు చాచి ఉండేవారు. రాయబోయే ముందు కలం ముల్లును జుట్టుకు ఒకసారి రాసుకునేవారు. రాయడం కాగానే ఎడమచేత్తో పక్కనున్న ఇసుక చిటికెడు తీసి తడి అక్షరాల మీద చల్లి, కాగితం వంచి విదిలించేవారు. ఈ పనులన్నీ ఒకే కదలికలా సాగిపోయేవి. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉండేవి. అప్పటికి నాకు చదువు రాదు. అయినా ఆ వరసలు చూస్తే తెలిసేది.

"భర్త పేరు?" అన్నారు, తల ఎత్తకుండా.

నేను గోదావరి వైపు చూశాను.

"చెప్పకపోతే చీటీ లేదమ్మా. మీ వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. మీతో వచ్చిన ఆ మగాయన ఎవరు? ఆయన్ని చెప్పమనండి."

"నేను పడవోణ్ణి బాబూ. పంతులుగారని అంటాం. పేరు మాకెలా తెలుస్తుంది?" అన్నాడు పడవవాడు.

"ఏడుకొండల మీద ఉండే స్వామి" అన్నాను నేను.

"వెంకటేశ్వర్లు" అని పైకి అంటూ రాసేశారు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పటికే ఇసుక చల్లేశారు.

ఆ స్వామికి వెయ్యి పేర్లున్నాయి. గుమాస్తాగారికి తొందరలో ఒకటే తట్టింది. అది మా వారి పేరు కాదు. అంతకన్నా నన్ను ఎక్కువ నొప్పించింది, వయసు దగ్గర నలభై రెండు అని వేయడం. ఎలా వేశారని తర్వాత అడిగితే, "చూసి వేశానండి" అన్నారు.

నాకొక్కదానికే ఇలా జరగలేదు. ఆ పాక కింద నుంచి పోయిన ఆడవాళ్లలో మొగుడి పేరు నోటితో చెప్పింది ఒకే ఒకతె, పాదిరీగారి బడిలో చదువుకున్న పిల్ల. మిగతా వాళ్లందరూ సైగలే. ఒకావిడ ఆకాశంలో చంద్రుణ్ణి చూపిస్తే చంద్రయ్య అని రాశారు. ఆయన సోమయ్య. ఒకావిడ విల్లు ఎక్కుపెట్టినట్టు చెయ్యి చాపితే రామయ్య అని రాశారు. ఆయన అర్జునుడు. ఇలా ఆ శీతాకాలంలో గోదావరి ఎగువకు పోయిన భార్యల్లో చాలామంది, సర్కారువారి కాగితం ప్రకారం, పరాయి వాళ్ల భార్యలు.

పైకి వెళ్లేటప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. చిక్కు వచ్చింది తిరుగు ప్రయాణంలో. మా వారు పితూరీకి ముందే ఎగువకు పోయినవారు కనుక ఆయనకు చీటీ లేదు. నా చీటీలో భర్తగా పేరుంది కనుకే కిందికి వదలాలి. ఎగువ ఠాణాలో జవాను చీటీ పట్టుకుని పడవ అంచున నిలబడ్డాడు.

"ఈ వెంకటేశ్వర్లు ఎవరు?"

కాదంటే ఆయన్ని అక్కడే దింపేస్తారు. అసలు పేరు చెప్పడానికి నాకు నోరు రాదు. మా వారు చాప మీద నుంచి కొంచెం తల ఎత్తారు.

"నేనేనండి" అన్నారు.

జవాను పడవవాడి వైపు తిరిగాడు. "ఏంటయ్యా, ఈయన పేరు ఇదేనా?"

"రేవులో ఆవిడ్ని అడిగితే ఏడుకొండల సామి అందండి. మరి అదే అయ్యుంటది" అన్నాడు పడవవాడు.

జవాను నవ్వి వదిలేశాడు. పడవ మలుపు తిరిగాక మా వారు కళ్లు మూసుకునే అన్నారు: "పెళ్లయిన ఇరవై రెండేళ్లకు నాకు కొత్త పేరు పెట్టించావు. ఇంటికి చేరేదాకా ఇదే ఉండనీ."

చేరాక కొంచెం కోలుకుని నాకు అక్షరాలు నేర్పారు. ఇంకోసారి ఎవరైనా ఏదైనా రాస్తే చూసుకోవచ్చునని ఆయన ఉద్దేశం. ఇంకోసారి రాలేదు. వృష సంవత్సరం ఆషాఢంలో ఆయన పోయారు. మాకు పిల్లలు లేరు.

ఆ మరుసటి ఏడు, చిత్రభానులో, గుమాస్తాగారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ రేవు చీటీ మీ దగ్గర ఉందాండి? ఉంటే అణా ఇస్తాను."

"అణా ఎందుకు? అది తప్పు చీటీ."

ఆయన వసారాలో కూర్చుని మంచినీళ్లు తాగి నిజం చెప్పారు. దండు వెళ్లిపోయాక పైవాళ్లు చీటీల చిట్టా తిరగేస్తున్నారట. తప్పు పేర్లు పెట్టి మనుషుల్ని ఎగువకు పంపిన గుమాస్తా ఎవడని ఎవరైనా అడిగితే తన ఉద్యోగం పోతుందట. ఇంట్లో ఏడుగురు తినేవాళ్లు. చిట్టాలో ఉన్నది తప్పని రుజువు చేయగలిగినది ఊళ్లలో ఉన్న చీటీలూ, వాటి తాలూకు మనుషులూ మాత్రమే.

"మనుషుల్ని కొనలేనండి. చీటీలైనా కొందామని" అన్నారు.

"కొని కాల్చేస్తారా?"

"అది వేరే సంగతండి."

ఇరుకున పడినప్పుడల్లా ఆయన అనే మాట అది. తర్వాత తెలిసింది, ఒక్కటి కూడా కాల్చలేదు. మొదటి చీటీ పొయ్యి దాకా తీసుకెళ్లి, మళ్లీ చదువుకుని, వెనక్కి తెచ్చి పెట్టెలో పెట్టారట. జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ రాయలేదని ఆయన నమ్మకం. పైగా తప్పు దిద్దకుండా కాగితాన్ని పోగొట్టడం ఆయన చేతకాని పని. సెలవు దొరికితే చాలు, కాలువ పడవ ఎక్కి ఊళ్లు తిరిగేవారు. చీటీ కొనేవారు. ఆ ఇంటి మగవాణ్ణి పిలిపించి అసలు పేరు కనుక్కునేవారు. చీటీ వెనక తేదీ వేసి, "స్వయముగా చెప్పగా దిద్దినది" అని రాసి ఇసుక చల్లేవారు. ఇసుక మొలలో చిన్న మూట కట్టుకుని తీసుకుపోయేవారు.

"వెనక దిద్దడమంటే తప్పు ఒప్పుకోవడమే కదండీ? మీరు దాచుకోవాలనుకున్నది మీరే రుజువు చేసి పెడుతున్నారు" అన్నాను ఒకసారి.

"ముందు వైపు రాసింది సర్కారుకి. వెనక రాసింది నాకు" అన్నారు.

చీటీల వెల గురించి చెప్పాలి, ఆ కోడలు అడిగింది అదే కనుక. పితూరీ రోజుల్లో ఒకరి చీటీ ఒకరు రూపాయి దాకా పెట్టి కొన్న మాట నిజం. ఠాణాలు ఎత్తేసిన మర్నాటికి దాని వెల సున్నా. చూరులో దోపుకున్నవాళ్లు దోపుకున్నారు, పసుపు పొట్లం కట్టుకున్నవాళ్లు కట్టుకున్నారు. అణా ఇస్తానని గుమాస్తాగారు తిరగడం మొదలెట్టాక జనం చూరులు తడుముకున్నారు. సర్కారు మనిషి ఊరికే కొనడు, ఇందులో ఏదో ఉంది అనుకున్నారు. అణా బేడ అయింది, బేడ పావలా అయింది. ఆయన గుట్టుగా ఉండాలని ఎంత చూస్తే ధర అంత పెరిగింది. మూడేళ్లకు పార్థివ సంవత్సరం వచ్చేసరికి, పితూరీలో చీటీ ఉన్నవాళ్లంతా సర్కారుకు నమ్మకస్తులనీ, వాళ్లకు గోదావరి లంకల్లో భూములిస్తారనీ ఒక పుకారు పుట్టింది. దాన్ని పుట్టించింది గుమాస్తాగారి కొనుగోళ్లే. ఆ పుకారుతో మూడు రూపాయలు పెట్టినా చీటీ దొరకలేదు, కొనలేక నష్టపోయినదీ ఆయనే.

మా పక్క వీధి రైతు ఒకాయన రెండున్నర పెట్టి ఒకటి కొని, చదివి పెట్టమని నా దగ్గరకు తెచ్చాడు.

"ఇందులో యాభై ఏళ్ల ఆడమనిషి అని ఉంది. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అన్నాను.

"అయితే ఏమండి? భూమి నాకిస్తారా, ఆవిడకిస్తారా?"

"ఆవిడకే."

"మచ్చ పొడిపించుకుంటే?"

"యాభై ఏళ్ల ఆడదాని సంగతో?"

ఆయన చీటీ మడిచి మొలలో దోపుకుని, "మా అత్తగారు ఉన్నారండి" అన్నాడు.

దొంగ చీటీలు కూడా వచ్చాయి. గుమాస్తాగారు వాటిని చదివేవారు కాదు. కళ్లు మూసుకుని అక్షరాల మీద వేలు పోనిచ్చేవారు. పట్టిసీమ రేవు ఇసుక ముతక. ఎన్నేళ్లయినా సిరాలో ఒకటి రెండు రేణువులు పట్టుకుని ఉండేవి. వేలికి తగలకపోతే కాగితం వెనక్కి తోసేసేవారు. ఒకటి మాత్రం దొంగదని తెలిసీ కొన్నారు. ఎందుకంటే, "నా 'శ్రీ' నాకన్నా బాగా రాశాడండి వెధవ" అన్నారు. లెక్కలో దాన్ని నేను కలపలేదు.

తహసీల్దారుగారు టముకు వేయించి భూముల మాట అబద్ధమని చాటించాక ధర ఒక్క రోజులో కాణీకి పడిపోయింది. పెట్టెలో సగం పైన ఆ నెలలో కొన్నవే. జనం తిట్టుకుంటూ ఇచ్చారు. ఆయన తల వంచుకుని తీసుకున్నారు.

తప్పు చీటీల్లో చివరికి బయట మిగిలింది నాదొకటే. ప్రతి ఏడూ శివరాత్రికి పట్టిసీమ తీర్థానికి వెళ్లి వచ్చేటప్పుడు మా ఇంటికి వచ్చేవారు.

"ఈ ఏడు ఎంత అనుకుంటున్నారండి?"

"నాకు డబ్బు వద్దు. పేరు దిద్దండి, ఉచితంగా ఇస్తాను."

"దిద్దడానికి నాకేం? పేరు చెప్పండి."

నేను మాట్లాడేదాన్ని కాదు.

"మీకు చదువొచ్చిందిగా. రాసివ్వండి."

"నోట రానిది చేత వస్తుందా?"

"మరెలాగండి?"

"వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

"వీధి మాట మీద రాస్తే రేవులో చేసిందే మళ్లీ చేసినట్టండి. ఇంటివాళ్లు చెప్పాలి."

చెప్పగల మగవాడు మా ఇంట్లో లేడు. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేదాన్ని. వీధి చివర దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూసేవారు, మనసు మార్చుకున్నానేమోనని.

పితూరీ అణిగిన పదేళ్లకు, వికృతి సంవత్సరంలో, ఆయన భయపడిందే జరిగింది. పింఛనుకు కాగితాలు పెట్టుకున్న నెలలో ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టారు: ఈయన పితూరీలో తప్పు చీటీలు రాశాడు, పింఛను ఇవ్వకూడదు అని. కాకినాడ నుంచి విచారణకు ఒక అధికారి వచ్చారు. తెలుగువారే, లావాటి మనిషి, ఎండకు ఎర్రగా కందిపోయారు. చిట్టా తెచ్చారు. బయట ఉన్న చీటీ ఏదని కనుక్కుంటే అందరూ మా ఇల్లు చూపించారు. గుమాస్తాగారిని వీధిలో వేప చెట్టు కింద నిలబెట్టి, నోరెత్తవద్దన్నారు. ఆయనకు మా మాటలు వినబడుతున్నాయి.

నేను చీటీ తెచ్చి ఇచ్చాను. అధికారి చిట్టాతో పోల్చి చూశారు.

"ఇది మీదేనా అమ్మా?"

"నాదే."

"వయసు అప్పటికి నలభై రెండు. నిజమేనా?"

"కాదు. ముప్పై నాలుగు."

వేప చెట్టు కింద గుమాస్తాగారు కళ్లు మూసుకున్నారు. నేను చేయగలిగింది లేదు. ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే.

అధికారి నవ్వారు. "ఆడవాళ్లు ఎనిమిదేళ్లు తగ్గించి చెప్పడం మామూలే" అని ఆ మాట రాసుకోనేలేదు. నేను ఒప్పుకోలేదు. ఏ సంవత్సరంలో పుట్టానో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"భర్త పేరు వెంకటేశ్వర్లు. సరేనా?"

నేను మాట్లాడలేదు.

"పేరు చెప్పమనడం లేదమ్మా. అవునో కాదో చెప్పండి, చాలు."

"అవునంటే ఆయన పేరు ఇదని చెప్పినట్టే."

"సరే. కాకపోతే కాదనండి. కాదనడానికి ఏం అడ్డం?"

"కాదంటే మీరు తర్వాత ఏం అడుగుతారు?"

"మరేంటి పేరు అని అడుగుతాను."

"అందుకని."

ఆయన కలం పక్కన పెట్టారు. "మా ఇంట్లోనూ ఇదే వరస. వాదించి లాభం లేదు" అని గొణిగి, ధవళేశ్వరం నుంచి పడవ ఎన్ని గంటలకని బంట్రోతును అడిగారు. ఇంకో గంటలో అన్నాడతను. ఆయన రాసుకుంటూ పైకి చదివారు: "చీటీయు చిట్టాయు సరిపోయినవి. సాక్షి అభ్యంతరము చెప్పలేదు."

నేను అబద్ధం ఆడలేదు. వయసు దగ్గర నిజం చెప్పాను, నమ్మలేదు. పేరు దగ్గర ఊరుకున్నాను, నమ్మారు. ఆనవాయితీ కోసం ఊరుకున్నానా, చెట్టు కింది మనిషి కోసం ఊరుకున్నానా అంటే, ఇన్నేళ్లలో అది నాకు తేలలేదు.

ఆయనకు పింఛను వచ్చింది. వచ్చాక మళ్లీ శివరాత్రికి వచ్చారు, అదే మాట అడిగారు.

"ఇంక భయమేముందండి మీకు? ఎందుకీ చీటీ?"

"భయం సంగతి కాదండి. ఒక్కటి తప్పుగా ఉండిపోయింది."

ఇలా ఇంకో పదమూడేళ్లు. క్రితం ఏడు వచ్చినప్పుడు చేతికర్ర పట్టుకుని వచ్చారు. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు ఆయన అడగకముందే నేను లోపలికి వెళ్లి చీటీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వీధిలో అడిగి రాసినా సరే, ఇక నేను అడ్డం చెప్పనన్నాను. ఆయన వేలు అక్షరాల మీద పోనిచ్చారు. తర్వాత తన కుడిచేతిని ఎత్తి నాకు చూపించారు. అది గాలికి ఆకులా ఊగుతోంది.

"ఇంక లాభం లేదండి. వంకరగా రాస్తే ముందు రాత పక్కన బాగుండదు" అని తిరిగి ఇచ్చేశారు. మజ్జిగ కూడా నేనే గ్లాసు పట్టుకుని తాగించాను.

ఇవన్నీ ఆ కోడలికి చెప్పలేదు. ధర మాత్రం కనుక్కున్నాను. పాత వస్తువులు కొని దొరలకు అమ్మే వర్తకుడు ఒకడు ఈ ఊళ్లో ఉన్నాడు. పితూరీ కాగితమంటే దొరలు ఇప్పుడు పది రూపాయలకు వెనకాడరట. అతణ్ణి పిలిపించాను. పెట్టె తెరిచి నాలుగు చీటీలు తిప్పి చూశాడు.

"అన్నిటి వెనకా రాతలున్నాయే. ఎవరు పాడుచేశారండి? వెనక గీసింది దొరలు ముట్టరు. శుభ్రంగా ఉన్నది ఒక్కటి ఉన్నా పది రూపాయలిస్తాను."

కోడలు పెట్టెనంతా వెతికింది. రెండు వందల పదకొండూ దిద్ది ఉన్నాయి. దొంగదాన్ని కూడా, "నేను వ్రాసినది కాదు" అని. ఆ అమ్మాయి తల పట్టుకుంది.

"మా మామగారు చేతులారా చేసుకున్నారండి. ఒక్కటైనా వదిలిపెట్టలేదు." తర్వాత నా వైపు తిరిగింది. "మామ్మగారూ, మీ దగ్గర ఒకటి ఉందటగా. అది దిద్దనిదే కదండీ?"

"దిద్దనిదే."

"అయితే పది రూపాయలు మీవేనండి."

వర్తకుడు మొలలోంచి డబ్బు తీశాడు. నేను లోపలికి వెళ్లి చీటీ తెచ్చాను, సిరాబుడ్డి కూడా తెచ్చాను. వసారాలో కూర్చుని చీటీ తిరగేసి, వెనకవైపు, తేదీ వేసి, మా వారి పేరు రాశాను. కింద "ఇంటివారు చెప్పగా" అని రాశాను. చెయ్యి వణకలేదు. వయసు కూడా దిద్దాను.

"అయ్యో మామ్మగారూ, పది రూపాయలండి అది" అంది కోడలు.

వర్తకుడు డబ్బు మళ్లీ మొలలో దోపుకుని, ఇద్దరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు.

ఆరేదాకా ఉండి, చీటీని పెట్టెలో మిగతావాటి మీద పెట్టాను.

"ఇప్పుడు ఇవన్నీ ఎంత చేస్తాయండి?" అంది ఆ అమ్మాయి, నీరసంగా.

"ఏమీ చేయవు" అన్నాను. "రెండు వందల పన్నెండు. తీసుకెళ్లి ఎక్కడైనా చెమ్మ తగలని చోట పెట్టు."